జాకార్డు అట్ట నుంచి జావాస్క్రిప్టు దాకా: పాండేసర తెలుగు తరాల సింహావలోకనం

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా దాటగానే వచ్చే పాండేసర అంటే గుజరాత్‌లో చాలామందికి రంగుల అద్దకం మిల్లులు, పొగగొట్టాలు, షిఫ్టు మారే వేళ జీఐడీసీ పారిశ్రామికవాడ రోడ్ల నిండా కనిపించే జనం గుర్తుకొస్తారు. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి, మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి బతుకుతెరువుకు వచ్చినవారి నడుమ, వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నేత కుటుంబాలు కూడా పాండేసర, ఉధ్నా, లింబాయత్ వాడల్లో తరాలుగా స్థిరపడ్డాయి. అహ్మదాబాద్‌లో బయలుదేరి సూరత్, వార్ధా, బల్లార్షా, వరంగల్ మీదుగా చెన్నై చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలకు పుట్టినూరికీ పనిచేసే ఊరికీ మధ్య దారి. పెళ్లిళ్లకూ బతుకమ్మకూ ఆ బండెక్కి వెళ్లడం, సెలవు తీరాక అదే బండిలో తిరిగి రావడం ఇక్కడి బాల్యాలన్నిటికీ ఉమ్మడి జ్ఞాపకం. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు వీరు. సూరత్ మున్సిపల్ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా నడుస్తుండటం ఆ జనసంఖ్యకు దక్కిన గుర్తింపు.

ఈ వాడల పిల్లల చేతికి ఇప్పుడు ఒక కొత్త పని అలవడుతోంది. అది వెబ్ పేజీ కట్టడం. హెచ్‌టీఎంఎల్‌తో పేజీకి నిర్మాణం ఇచ్చి, సీఎస్‌ఎస్‌తో రంగూ కొలతా అమరికా తీర్చి, జావాస్క్రిప్టుతో ఆ పేజీ చూసేవారి వేలికి బదులు పలికేలా చేయడం. సాంచెల (మరమగ్గాల) చప్పుడులో పెరిగిన ఇంటికి ఇది ఎక్కడి నుంచో ఊడిపడ్డ విద్యలా కనిపించవచ్చు. నేను అలా అనుకోను. యంత్రానికి ఆజ్ఞలు ముందుగానే రాసిపెట్టి, వాటి ప్రకారం అది పని చేస్తుంటే చూసి సరిదిద్దుకోవడం నేత కుటుంబాలకు కొత్త కాదు. ఒకరి పనితనాన్ని పక్కన నిలబడి చూసి నేర్చుకోవడమూ కొత్త కాదు. వెబ్ పేజీ విద్యకు ఈ రెండే ఆధారం. అవి ఎక్కడెక్కడో పుట్టి పాండేసరలో ఎలా కలిశాయో తెలుసుకోవాలంటే రెండు శతాబ్దాలకు పైగా వెనక్కి వెళ్లాలి.

ఫ్రాన్స్‌లోని లియోన్ పట్టు నేతకు పేరుపడ్డ ఊరు. పువ్వులూ లతలూ నేయాలంటే మగ్గం మీద ఒక మనిషి కూర్చుని ప్రతి వాటుకూ (పేక పోగు దాటే ప్రతిసారీ) ఏయే పడుగు పోగులు లేవాలో తాళ్లు లాగుతూ ఉండాల్సి వచ్చేది. 1725లో బాజిల్ బూషోన్ చిల్లులు పొడిచిన కాగితంతో ఆ శ్రమ తగ్గించబోయాడు. తర్వాత ఫాల్కన్ కాగితానికి బదులు అట్టలు వాడాడు. ఈ ప్రయత్నాలన్నిటినీ కూడగట్టి 1804 నాటికి జోసెఫ్ మారీ జాకార్డ్ తన యంత్రాన్ని నిలబెట్టాడు. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పైకి లేస్తుంది, దానితో పడుగు పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందే ఉండిపోతుంది. ఒక్కో వాటుకు ఒక్కో అట్ట. అట్టలన్నీ దారంతో గొలుసుగా కుట్టి తిప్పితే పువ్వు తనంతట తానే బట్ట మీద తేలుతుంది. అట్టల దండ మార్చితే అదే మగ్గం మరో నమూనా నేస్తుంది. యంత్రం వేరు, యంత్రానికి చెప్పే ఆజ్ఞల వరుస వేరు అన్న ఆలోచన లోకానికి ఇంత స్పష్టంగా కనిపించడం అదే మొదలు. చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రానికి ఆ అట్టలనే ఎంచుకున్నాడు. దాదాపు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జాకార్డ్ చిత్రపటం ఒకటి ఆయన తన దగ్గర అపురూపంగా ఉంచుకున్నాడు. 1843లో ఆడా లవ్‌లేస్ ఆ యంత్రం మీద రాసిన వివరణలు కంప్యూటరు ఆజ్ఞల రచనకు తొలి పాఠాలుగా నిలిచాయి. 1890 అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ చిల్లుల అట్టలే వాడాడు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి కంప్యూటర్లు అట్టలే చదివాయి. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గానికి పెద్దపీట దక్కింది అందుకే.

సూరత్ జరీకీ పట్టుకీ మొగలాయిల కాలం నుంచే పేరున్న రేవుపట్టణం. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఆ నేత కృత్రిమ పట్టు వైపు, తర్వాత పాలిస్టరు వైపు మళ్లింది. చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ (జీఐడీసీ) 1962లో ఏర్పడ్డాక వెలసిన ఎస్టేట్లలో పాండేసర బట్టకు రంగులద్ది, అచ్చులేసి, మెరుగు దిద్దే పనికి కేంద్రమైంది. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె అక్కడి పరిశ్రమ నడుం విరిచింది. భివండీ, సూరత్ మరమగ్గాలకు గిరాకీ పెరిగింది. తెలుగు పద్మశాలీలకు ఈ దారి అంతకుముందే తెలుసు. వారు మొదట షోలాపూర్, తర్వాత భివండీ, ఆపైన సూరత్ చేరారు. ఊళ్లో చేనేతకు కొనేవాళ్లు కరువైనప్పుడల్లా మగ్గం ఎక్కడుంటే అక్కడికి ఒక తరం కదిలింది.

వచ్చినవాడు మొదట బంధువుల గదిలో దిగేవాడు. బావో మేనమామో పనిచేసే ఖాతాలో (మరమగ్గాల కార్ఖానాలో) పక్కన నిలబడి తెగిన పోగు ముడివేయడం, కండె మార్చడం, మగ్గం ఆగిన చప్పుడును చెవితోనే పట్టుకోవడం నేర్చేవాడు. ఎవరూ పుస్తకం ఇచ్చింది లేదు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. జాకార్డు మగ్గం మీదికి వెళ్లిన వాడికి ఇంకో మెట్టు కనిపించేది. గళ్ల కాగితం మీద రంగు నింపిన నమూనా, దాన్ని చూసి అట్టల మీద చిల్లులు కొట్టే పని, ఒక చిల్లు తప్పుపడితే బట్టంతా అదే చోట అదే తప్పు మళ్లీ మళ్లీ రావడం. ఆ తప్పు ఏ అట్టలో ఉందో వెతికి పట్టగలిగిన మనిషికి ఖాతాలో గౌరవం ఉండేది. ఈ నైపుణ్యానికి ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు గానీ, తరువాతి తరం కంప్యూటరు ముందు కూర్చుని చేసే పని సారాంశంలో ఇదే.

ఇంతలో ఐరోపాలో మరో కథ మొదలైంది. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆంగ్లేయుడు, శాస్త్రవేత్తల పత్రాలను ఒకదానికొకటి లంకె వేసే పద్ధతి ప్రతిపాదించాడు. 1991 నాటికి తొలి వెబ్ పేజీ బయటి లోకానికి అందింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాంకేతికతను ఎవరూ రుసుము కట్టనక్కర్లేకుండా లోకానికి వదిలేసింది. ఈ కథలో నేను అన్నిటికన్నా గొప్పదిగా లెక్కించే తేదీ అదే. ఆ సంతకం పడకపోయి ఉంటే, పేజీ కట్టడానికి అనుమతి పత్రం కొనాల్సి వచ్చి ఉంటే, కూలివాడల పిల్లల దాకా ఈ విద్య వచ్చేది కాదు.

ఇటు సూరత్‌లో 1994 సెప్టెంబరులో ప్లేగు భయం వ్యాపించింది. లక్షల మంది దొరికిన బండెక్కి ఊరు విడిచారు. మగ్గాలు మూగబోయాయి. తెలుగు కుటుంబాలెన్నో సొంతూళ్లకు చేరి, కొన్నాళ్లకు బెరుకుగా తిరిగొచ్చాయి. మరుసటి ఏడు మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు నగర పారిశుద్ధ్యాన్ని తిరగరాసి, దేశంలోని అతి శుభ్రమైన నగరాల సరసన సూరత్‌ను నిలిపిన ఉదంతం అందరికీ తెలిసిందే. ప్లేగు పుట్టిన కొద్ది వారాలకే, 1994 అక్టోబరు 10న, నార్వేకు చెందిన హోకన్ వీయం లీ వెబ్ పేజీల రూపాన్ని విడిగా రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. అదే సీఎస్‌ఎస్. నెదర్లాండ్స్ దేశస్థుడు బెర్ట్ బోస్ అతనితో చేయి కలిపాడు. 1996 డిసెంబరులో తొలి ప్రమాణం వెలువడింది. మధ్యలో, 1995 మే నెలలో, నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక చిన్న భాష తొలి రూపం తయారు చేశాడు. మోకా అని, లైవ్‌స్క్రిప్ట్ అని పేర్లు మారి, ఆ డిసెంబరులో జావాస్క్రిప్టుగా లోకానికి పరిచయమైంది. 1997లో ఈక్మాస్క్రిప్ట్ పేరుతో దానికి ప్రమాణం ఏర్పడింది. పది రోజుల్లో పుట్టిన భాష అని తేలిగ్గా మాట్లాడేవారు ఉన్నారు. మూడు దశాబ్దాలుగా లోకంలోని ప్రధాన బ్రౌజర్లన్నీ దాన్నే అర్థం చేసుకుంటున్నాయన్నది నా జవాబు.

ఈ మూడింటి పనీ ఒక చీరల పేజీలో చూస్తే తేటగా అర్థమవుతుంది. చీర పేరు, ధర, బొమ్మ, కొనే బటను ఏ వరుసలో ఉండాలో హెచ్‌టీఎంఎల్ చెబుతుంది. ధర ఎర్రగా ఉండాలి, బొమ్మ పేజీలో సగం వెడల్పు ఆక్రమించాలి, బటను అంచులు గుండ్రంగా ఉండాలి అన్నది సీఎస్‌ఎస్ ఆజ్ఞ. ఒకే శైలి పత్రాన్ని వంద పేజీలకు తగిలించవచ్చు. ఆ పత్రంలో ఒక్క రంగు మార్చితే వంద పేజీల్లోనూ మారుతుంది. నెమలి రంగు గడి మీద నొక్కగానే బొమ్మ మారడం, ఆరు చీరలు ఎంచుకుంటే మొత్తం ధర తనంతట తానే లెక్క కావడం, ఫోను నంబరులో ఒక అంకె తగ్గితే ఎర్ర అక్షరాల్లో హెచ్చరించడం జావాస్క్రిప్టు పని. నొక్కడం అనే సంఘటన జరిగితే ఈ ఆజ్ఞల వరుస నడవాలి అని ముందే రాసిపెడతారు. చిల్లు ఉంటే పోగు లేవాలి అన్న నియమం ఇందులో కొత్త రూపు దాల్చింది.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. విద్యార్థులకు చవకగా ఇచ్చిన ఖాతాలో అక్షరాలే తప్ప బొమ్మలు కనిపించేవి కావు. బొమ్మలతో చూడాలంటే వేల రూపాయలు కట్టాలి. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి దొరికాక వీధి వీధికీ నెట్ సెంటర్లు వచ్చాయి. సూరత్‌లోనూ ప్లైవుడ్ గదుల మధ్య కంప్యూటర్లు పెట్టి గంట లెక్కన డబ్బు తీసుకునేవారు. పరీక్ష ఫలితాలకూ రైలు టికెట్లకూ వెళ్లిన కుర్రాళ్లలో కొందరికి అక్కడే ఒక రహస్యం దొరికింది. ఏ పేజీ మీదైనా మౌసు కుడి బటను నొక్కి మూలం చూడమంటే, ఆ పేజీని ఎలా కట్టారో మొత్తం తెర మీదికి వచ్చేస్తుంది. దాన్ని ఫ్లాపీలో దాచుకుని, ఒక రంగు మార్చి, ఒక వాక్యం తీసేసి, ఏమవుతుందో చూడవచ్చు. లోకంలోని నిపుణులందరూ తమ పనిని పక్కన నిలబడి చూడనిచ్చినట్టయింది. వెబ్ పేజీ విద్య ఇంత వేగంగా వ్యాపించడానికి పుస్తకాల కన్నా కాలేజీల కన్నా ఈ ఒక్క సౌకర్యమే పెద్ద కారణమని నా నమ్మకం. అయితే నెట్‌స్కేప్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ మధ్య సాగిన పోరు వల్ల ఒక బ్రౌజరులో నడిచిన పేజీ మరోదాంట్లో చెదిరిపోయేది. ఆనాటివారి శ్రమలో సగం ఆ తేడాలు సరిచేయడానికే పోయింది.

హైదరాబాదులో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ శిక్షణ కేంద్రాల బోర్డులు దట్టంగా వెలిశాయి. పాండేసర కుటుంబాల్లో కూడా అన్న కొడుకో పెదనాన్న మనవడో అక్కడ కోర్సు చేస్తున్నాడన్న మాట పండుగ కబుర్లలో వినిపించసాగింది. నేత వాడలు చదువు వైపు తిరిగిన ఆ సంధికాలంలోనే మగ్గం దగ్గరా ఒక ఆవిష్కరణ జరిగింది. అప్పటి నల్గొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీర చీరకూ వేలసార్లు చేయి తిప్పుతూ ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక, 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. బడి చదువు మధ్యలో ఆగిన ఆ పద్మశాలికి 2017లో పద్మశ్రీ దక్కింది. వెబ్ చరిత్రతో దీనికి నేరుగా సంబంధం లేదు. కానీ వేల చేతి కదలికలను క్రమం విడదీసి యంత్రానికి అప్పగించగల బుద్ధి ఈ ఇళ్లలో ఎప్పుడూ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక తెలుగు అక్షరం వెబ్ మీదికి ఎక్కిన తీరు విడిగా చెప్పుకోవాల్సిన ఘట్టం. తొంభైల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. లోక భాషల అక్షరాలకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లో వెలువరించిన తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 గడుల స్థలం దక్కింది. కానీ అది మామూలు కంప్యూటర్ల దాకా రావడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా ప్రవాస తెలుగువారు 1998లో ఈమాట పత్రిక మొదలుపెట్టారు. దినపత్రికలు వెబ్‌లోకి వచ్చాయి. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒక్కో సంకేత పద్ధతి. పేజీతో పాటు ఫాంటునూ పంపే డైనమిక్ ఫాంటు ఏర్పాటు ఒక బ్రౌజరులో పనిచేస్తే మరోదాంట్లో గజిబిజి గుర్తులు కనిపించేవి. సూరత్ నెట్ సెంటరులో కూర్చుని ఊరి వార్త చదవబోయినవారికి ఈ చిక్కు బాగా గుర్తుండే ఉంటుంది.

ఆ చిక్కును విప్పినవాడు వెన్న నాగార్జున. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిన ఆయనే, పద్మ అనే ఉపకరణం రాశాడు. పత్రికల సొంత సంకేతాలను చదివి, చూస్తుండగానే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది అది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పొడిగింపుగా పనిచేసేది. 2006లో వీవెన్ లేఖిని అనే వెబ్ ఉపకరణాన్ని అందుబాటులోకి తెచ్చాడు. పైపెట్టెలో ఇంగ్లీషు మీటలతో రాస్తే కింది పెట్టెలో తెలుగు వచ్చేస్తుంది. ‘కే’ మీట నొక్కితే క్ అని పొల్లు హల్లు, వెంటనే ‘ఏ’ నొక్కితే నిండు క. ప్రతి మీట తాకిడినీ జావాస్క్రిప్టు గమనించి, అంతదాకా రాసిన అక్షరాలను పట్టికతో పోల్చి, ఫలితాన్ని తిరిగి రాస్తుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోనక్కర్లేదు. పరాయి ఊరి నెట్ సెంటరులో అడిగి ఫాంటు వేయించుకునే పని తప్పింది. స్పందించే వెబ్ పేజీ వల్ల తెలుగు జాతికి కలిగిన తొలి పెద్ద మేలు ఏదని నన్నడిగితే, వాణిజ్య సైట్లన్నిటినీ పక్కకు పెట్టి లేఖినినే చూపిస్తాను. దేశికాచారి రూపొందించిన పోతన ఫాంటును, తరువాత గూగుల్ ఫాంట్ల ద్వారా ఉచితంగా అందిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి ఫాంట్లను సీఎస్‌ఎస్‌లో ఒక్క వరుసతో పేజీకి తగిలించే వీలు కలిగాక, వెబ్ తెలుగుకు చక్కని అచ్చు ముఖం వచ్చింది. 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగు నేల మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావాన్ని కాలేజీ పిల్లల దాకా తీసుకెళ్లింది.

ప్రపంచం మరో మలుపు తిరిగింది. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. పేజీ మొత్తం మళ్లీ తెచ్చుకోకుండానే కావలసిన ముక్క మాత్రం వెనక నుంచి తెచ్చుకోవచ్చని జనం చూశారు. జెస్సీ జేమ్స్ గారెట్ దానికి అజాక్స్ అని పేరు పెట్టాడు. 2006లో జాన్ రెసిగ్ ఇచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్టు లైబ్రరీ బ్రౌజర్ల తేడాలను కడుపులో దాచుకుని కొత్తవారికి దారి సులువు చేసింది. 2008లో క్రోమ్ బ్రౌజరు, 2009లో జావాస్క్రిప్టును బ్రౌజరు బయట నడిపే నోడ్, 2013లో పేజీ భాగాలు కట్టే రియాక్ట్ వచ్చాయి. ఒకనాడు పేజీకి అలంకారంగా మొదలైన భాష అప్పటికి జీవనోపాధి భాష అయింది.

పాండేసర విషయంలో ఈ కాలంలో జరిగిన అసలు మార్పు బడిలో జరిగింది. దానికి తగినంత పేరు రాలేదని నా బాధ. గుజరాత్ రాష్ట్ర పాఠ్యపుస్తక మండలి తన కంప్యూటరు పుస్తకాలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద, ఉబుంటు లినక్స్ మీద నిర్మించింది. పదో తరగతి పుస్తకం హెచ్‌టీఎంఎల్ పరిచయంతో మొదలై బొమ్మలు, జాబితాలు, పట్టికలు నేర్పుతుంది. పన్నెండో తరగతి పుస్తకంలో మొదటి పాఠం కంపోజర్ ఉపకరణంతో ఫారాలు తయారు చేయడం, రెండో పాఠం సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు, మూడోది చిన్న వెబ్‌సైటు రూపకల్పన. ఆ తర్వాత ఈ-కామర్సు వస్తుంది. ఇంజినీరింగ్ వైపు చూడని కామర్సు పిల్లలకు కూడా ఈ పాఠాలు అందాయి. సాంచె కార్మికుడి కొడుకో, ఇంటి వద్ద చీరలకు రాళ్లు అంటించే తల్లి కూతురో పదిహేడేళ్లకే ఒక ఫారం తయారు చేసి, అందులో ఖాళీ వదిలితే హెచ్చరించే ఆజ్ఞ తన చేత్తో రాసింది ఆ పుస్తకం చలవే. ఆ తర్వాత వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం పరిధిలోని బీసీఏ కాలేజీల దారి వారికి తెరుచుకుంది. చదువుకు ఖర్చెంత, ఫలితమెంత అని లెక్కించుకునే ఇళ్లకు నాలుగేళ్ల ఇంజినీరింగ్ కన్నా బీసీఏ దగ్గరి చుట్టంలా తోచింది.

2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ నెట్ సెంటరు గదిని విడిచి జేబులోకి దిగింది. ఈథన్ మార్కాట్ 2010లో ప్రతిపాదించిన సాగే పేజీల పద్ధతి అప్పటికి సిద్ధంగా ఉంది. తెర వెడల్పును బట్టి అదే పేజీ ఫోనులో ఒక వరుసగా, కంప్యూటరులో నాలుగు వరుసలుగా సర్దుకుంటుంది. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నీ సీఎస్‌ఎస్ గ్రిడ్‌ను స్వీకరించాయి. పేజీని అడ్డగళ్లు, నిలువుగళ్లుగా విభజించి వస్తువును ఏ గడిలోనైనా ఉంచే వీలు కలిగింది. గళ్ల కాగితం మీద నమూనా గీసిన ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది వివరించడానికి ఎక్కువసేపు పట్టదు. గురువులూ మారారు. యూట్యూబులో హిందీలో వందల గంటల వెబ్ పాఠాలు ఉచితంగా దొరికాయి. పాండేసర పిల్లలకు హిందీ వీధి భాష కావడం ఇక్కడ కలిసొచ్చింది. తెలుగు పాఠాలూ తోడయ్యాయి. హైదరాబాదులో పుట్టిన నెక్స్ట్‌వేవ్ వంటి సంస్థలు తెలుగులోనే వెబ్ పేజీల నిర్మాణం నేర్పసాగాయి.

2020 మార్చి చివర లాక్‌డౌన్ పడ్డాక పాండేసర పేరు దేశమంతటా వినిపించింది. పనీ కూలీ లేక, ఊరికి పంపమంటూ వలస కార్మికులు రోడ్ల మీదికి వచ్చారు. 1994లో లాగే సాంచెలు మళ్లీ మౌనం వహించిన కాలమది. బడులు మూతపడటంతో పాఠాలన్నీ ఫోనులోకి మారాయి. ఒక గదిలో ఐదుగురు, ఒకే ఫోను ఉన్న ఇళ్లలో ఆ చదువు ఎంత కష్టమో ఆ కుటుంబాలకే తెలుసు. అయినా కొందరు ఫోనులోనే కోడు రాసుకునే యాప్‌లు దించుకుని బొటనవేళ్లతో ఆజ్ఞలు రాసి అభ్యాసం చేశారు. వారి పట్టుదలను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇవాళ సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల చీరల వ్యాపారం తెర మీద కూడా నడుస్తోంది. కొత్త నమూనా బట్టల ఫొటోలు దేశం నలుమూలలకూ ఫోను ద్వారా వెళ్తాయి. తమకంటూ పేజీ కావాలనే వ్యాపారులు పెరిగారు. వరాఛా, కతార్‌గామ్, అడాజణ్ ప్రాంతాల్లో చిన్న చిన్న వెబ్ కంపెనీలు వెలిశాయి. బట్ట గురించి తెలిసిన కుర్రాడు ఆ కంపెనీలో చేరితే అతనికి ఒక ఆధిక్యం ఉంటుంది. జార్జెట్‌కూ షిఫాన్‌కూ తేడా తెలిసినవాడు ఆ రెండింటినీ పేజీలో ఎలా వేరుచేసి చూపాలో కూడా ఎరుగుతాడు. ఖాతాల్లోనూ చాలాచోట్ల అట్టల దండలు పోయి ఎలక్ట్రానిక్ జాకార్డులు వచ్చాయి. నమూనా కంప్యూటరులోనే గీసి నేరుగా మగ్గానికి పంపుతున్నారు. అలా నాన్న మగ్గమూ కొడుకు ఉద్యోగమూ ఒకే రకం తెర ముందుకు చేరాయి.

సరిదిద్దాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో తయారైన శైలి పత్రాలు తెలుగుకు అన్యాయం చేస్తాయి. పంక్తుల మధ్య దూరం అక్షరం ఎత్తుకు 1.2 రెట్లు ఉంటే ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగులో పైనున్న గుడులూ కింద ఒత్తులూ ఒకదానికొకటి తగులుతాయి, బటన్లలో ఒత్తు అడుగున తెగిపోతుంది. 1.6 దాకా పెంచితే గానీ కంటికి హాయిగా ఉండదు. అక్షరాల నడుమ దూరం పెంచే ఆజ్ఞ అజాగ్రత్తగా వాడితే పదం విడివిడిగా చెదిరిపోతుంది. మొదటి అక్షరాన్ని పెద్దది చేయమంటే ‘స్త్రీ’ని ఒకే అక్షరంగా చూడాలని బ్రౌజరుకు తెలిసి ఉండాలి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం భారతీయ లిపుల అమరికపై చర్చలు నడుపుతోంది. తెలుగు చదవగలిగి, సీఎస్‌ఎస్ రాయగలిగినవారే ఈ లోపాలను పట్టి చూపగలరు. సూరత్ మున్సిపల్ బడిలో తెలుగు అక్షరాలు దిద్ది, గుజరాత్ బోర్డు పుస్తకంలో శైలి పత్రాలు నేర్చిన పిల్లల దగ్గర ఈ రెండు విద్యలూ ఉన్నాయి. కోడును కృత్రిమ మేధే రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఆ ఒత్తు తెగిందో లేదో చూసి చెప్పే కన్ను మరింత అవసరం. ఆ పనికి వారిని పిలవాల్సిన బాధ్యత హైదరాబాదులోని, విజయవాడలోని తెలుగు సాంకేతిక సంఘాలది. ఇన్నేళ్లుగా నవజీవన్ బండి మన దగ్గరికి వారిని తీసుకొస్తూనే ఉంది. ఈసారి మనవాళ్లు కొందరు అదే బండెక్కి పాండేసరకు వెళ్లి, ఆ బడుల్లో రెండు రోజుల శిబిరం పెట్టి రావాలి.